సర్వర్ నెత్తిన పడే నిందలు

వినుకొండలోనో నరసరావుపేటలోనో నెట్ సెంటర్ గడప తొక్కినవాళ్లకు బాగా అలవాటైన జవాబు ఒకటుంది: "సర్వర్ డౌనండీ, సాయంత్రం రండి." అడంగల్ కావాలన్నా ఇదే జవాబు, పిల్లల హాల్‌టికెట్ కావాలన్నా ఇదే, సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాలన్నా ఇదే. పత్తిని మద్దతు ధరకు అమ్ముకోవాలంటే 2025–26 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు, స్లాట్ బుకింగ్ తప్పనిసరి చేసింది. ట్రాక్టరు కదలాలంటే ముందు తెర మీద వేలు కదలాలి.

"సర్వర్ డౌన్" అన్నది మూడు నాలుగు వేర్వేరు జబ్బులకు జనం పెట్టుకున్న ఒకే పేరు. కొన్నిసార్లు సర్వర్ నిజంగానే పడిపోతుంది. కొన్నిసార్లు ఊళ్లో నెట్ ఉండదు. ఈ రెండూ బాగానే ఉండి పని ఆగిపోయే సందర్భాలు కూడా ఉన్నాయి. అప్పుడు ఆగింది ఎక్కడో డేటా సెంటర్లో కాదు, కళ్లముందున్న బ్రౌజర్‌లోనే. పేజీతోపాటు దిగివచ్చిన జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం సగం దారిలో తప్పటడుగు వేసి కూలబడుతుంది. దాన్నే రన్‌టైమ్ ఎర్రర్ అంటారు. తెర మీద మాత్రం ఆ సంగతి చెప్పే అక్షరం ఒక్కటీ కనపడదు.

ఎందుకు కనపడదన్నదే ఇక్కడి ప్రశ్న. కనపడకుండా చేసింది ఎవరు, అది తప్పా ఒప్పా, చేయాల్సింది ఏమిటి అన్న విషయాల మీద ముప్ఫై ఏళ్లుగా బ్రౌజర్ ప్రపంచంలో ఒక తగువు నడుస్తోంది.

తిరుగుతూనే ఉండే చక్రం సంగతి ముందు చూద్దాం. "సమర్పించు" బటన్ నొక్కగానే ప్రోగ్రాం వరసగా నాలుగు పనులు చేయాలి: బటన్‌ను మూసేయాలి, చక్రాన్ని తిప్పాలి, ఫారంలోని వివరాలు సర్దాలి, జవాబు రాగానే చక్రాన్ని ఆపాలి. మూడో పనిలో తప్పు దొర్లిందనుకోండి. బ్రౌజర్ ఆ పనిని అక్కడికక్కడే వదిలేస్తుంది, నాలుగోదాని దాకా పోదు. పేజీలో మిగతావన్నీ బతికే ఉంటాయి: బొమ్మలు కనపడతాయి, మెనూ తెరుచుకుంటుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. సర్వర్‌కు అసలు కబురే అందలేదు. నింద మాత్రం దాని నెత్తినే పడుతుంది. చక్రాన్ని ఆపే లైన్‌ను "ఫైనల్లీ" అనే భాగంలో పెడితే, తప్పు జరిగినా జరగకపోయినా అది నడిచి తీరుతుంది. ఒక్క లైన్ చోటు మార్చితే సరిపోయేదానికి రైతు సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటాడు.

వెబ్ పుట్టుకలోనే ఈ సర్దుకుపోయే గుణం ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో ఎన్ని తప్పులున్నా బ్రౌజర్ సరిపెట్టుకుని పేజీ చూపిస్తుంది. ఇది కుదరదు, తప్పు ఉంటే పేజీయే చూపవద్దన్న పట్టుదలతో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ వచ్చింది. దాని కఠిన నియమాల ప్రకారం పంపిన పేజీలో ఒక్క ట్యాగ్ మూయడం మరిచినా ఫైర్‌ఫాక్స్ పేజీ బదులు ఎర్రర్ సందేశం చూపేది. ఆ కాఠిన్యాన్ని జనం భరించలేదు, అది నిలబడలేదు. జావాస్క్రిప్ట్ ఈ రెంటికీ మధ్యన ఉంది: తప్పు చేసిన పని ఆగుతుంది, పేజీ ఆగదు. మంచి ఏర్పాటే. కానీ సగం చచ్చిన పేజీ పూర్తిగా బతికున్నట్టు కనిపించే ప్రమాదం కూడా ఇందులోనే ఉంది.

బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీ కోసం పదిరోజుల్లో ఈ భాష తొలిరూపు తయారుచేశాడన్నది అందరూ చెప్పుకునే కథ. అంత హడావుడిలో తప్పును పట్టుకునే సరంజామా ఏదీ భాషలోకి రాలేదు. 1996లో నెట్‌స్కేప్ నావిగేటర్ 3తో "విండో.ఆన్‌ఎర్రర్" వచ్చింది. పేజీలో ఎక్కడ తప్పు దొర్లినా కబురందే గుమ్మం అది. తప్పు జరిగిన చోటే పట్టుకునే "ట్రై–క్యాచ్" ప్రామాణిక భాషలోకి రావడానికి 1999 డిసెంబరు దాకా, అంటే ఎక్మాస్క్రిప్ట్ మూడో సంచిక దాకా ఆగాల్సి వచ్చింది. ఇంటికి ముందు సింహద్వారం కట్టి, గదులకు తలుపులు మూడేళ్ల తర్వాత పెట్టినట్టయింది.

ఆ గుమ్మానికి ఒక రహస్య గొళ్లెం ఉంది. ఆన్‌ఎర్రర్‌కు అప్పగించిన ఫంక్షన్ "ట్రూ" అని జవాబిస్తే, సంగతి నేను చూసుకుంటున్నాను, నువ్వు నోరెత్తకు అని బ్రౌజర్‌కు చెప్పినట్టు. అప్పట్లో బ్రౌజర్లు తప్పు జరిగితే వాడేవాడి మొహం మీదే పెట్టె తెరిచేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడిన తరానికి ఆ పెట్టె గుర్తుండే ఉంటుంది: రన్‌టైమ్ ఎర్రర్ వచ్చింది, డీబగ్ చేయమంటారా, ఫలానా లైన్, "ఆబ్జెక్ట్ ఎక్స్‌పెక్టెడ్". కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినవాడిని డీబగ్ చేస్తావా అని అడగడం కంటే వింత ఉంటుందా! పెట్టె రాకపోతే కింద మూలన పసుపు త్రికోణం, పక్కనే పేజీలో తప్పులున్నాయన్న ముక్క. ఈ గోల వదిలించుకోవడానికి డెవలపర్లు "రిటర్న్ ట్రూ" అన్న ఒక్క లైన్‌ను ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకున్నారు. నెట్ సెంటర్లవాళ్లు ఇంటర్నెట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి స్క్రిప్ట్ డీబగ్గింగ్‌ను ఆపే గడిలో టిక్కు పెట్టుకున్నారు. విజువల్ బేసిక్ వైపు నుంచి వచ్చినవాళ్లకు "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" ముందే అలవాటు: తప్పు వస్తే దాటేసి తర్వాతి లైన్‌కు పో అని దాని భావం.

జనం కళ్ల నుంచి ఆ పెట్టెను తప్పించడం సబబే. అది వాళ్లు చదివే భాష కాదు. చిక్కల్లా, జనం నుంచి దాచిన సంగతిని తయారుచేసినవాళ్ల నుంచి కూడా దాచేయడంలో ఉంది. గుంటూరు మిర్చి యార్డుకు పోయే టిక్కీలో పైన ఎర్రటి కాయలు పరిచి అడుగున తాలు నింపితే కళ్లంలో అందంగానే ఉంటుంది, కాటా దగ్గర బయటపడుతుంది. ఖాళీ క్యాచ్ రాసిన ప్రోగ్రాం కూడా అంతే. తప్పును పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేసే ఆ ఖాళీ కుండలీకరణాలే ఈ రంగంలో అతి పెద్ద పాపమని అనుభవజ్ఞులు చాలామంది అంటారు. 2013లో నికొలస్ జకాస్ మొదలుపెట్టిన ఈఎస్‌లింట్ అనే తనిఖీ సాధనం, సిఫారసు చేసే నియమాల్లోనే ఖాళీ క్యాచ్‌ను తప్పుపడుతుంది.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ బ్రౌజర్ లోపలైనా శబ్దం చేసే తప్పులు. జావాస్క్రిప్ట్‌లో అసలు భయపడాల్సింది శబ్దమే చేయనివాటికి, అవి మన పత్తి, మిర్చి లెక్కల్లో ఎక్కువగా దొర్లేవే కావడం విశేషం. 2025–26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. ఈ అంకెను కామాతో సహా గడిలో కొట్టి "పార్స్‌ఇంట్" చేతికిస్తే వచ్చే జవాబు 8. కామా దగ్గర అది చదవడం ఆపేస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆంధ్రప్రదేశ్ మిర్చికి ప్రకటించిన జోక్యపు ధర రూ.11,781 అదే దారిలో 11 అయిపోతుంది. "నంబర్" అనే ఇంకో పద్ధతి కొంత నయం, "నాట్ ఎ నంబర్" అని ఒప్పుకుంటుంది. అదీ ఎర్రర్ కాదు, ఒక విలువే. దాన్ని సర్వర్‌కు పంపడానికి జేసన్ అనే రూపంలోకి మార్చగానే "నల్"గా మారి, అసలు అంకె కొట్టనే లేదన్నట్టు వెళ్లిపోతుంది. తెలుగు అంకెలతో కొట్టినా ఇదే గతి.

తేదీలది ఇంకో విడ్డూరం. మనం రోజు, నెల, సంవత్సరం వరసలో రాస్తాం. 05-08-2024 అని క్రోమ్‌కు ఇస్తే అమెరికా పద్ధతిలో మే 8గా చదువుకుంటుంది. 15-08-2024 అని ఇస్తే పదిహేనో నెల లేదు కనుక చెల్లని తేదీ అంటుంది, అది కూడా లోలోపలే. ఆ చెల్లని తేదీని ప్రామాణిక రూపంలో రాయమని అడిగినప్పుడు మాత్రమే "రేంజ్ ఎర్రర్" విసురుతుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజులు తప్పుడు తేదీ నిశ్శబ్దంగా నమోదవుతుంది, పదమూడో తారీఖు నుంచి పేజీ కూలుతుంది. పన్నెండో తారీఖుదాకా బాగానే పనిచేసింది కదా అని ఆపరేటర్ అంటే అతని తప్పు లేదు.

శబ్దం చేసే తప్పుల్లో తెలుగులో కొట్టేవాళ్లకు ఎదురయ్యేవీ ఉన్నాయి. "బీటూఏ" అనే పాత ఫంక్షన్ అక్షరాలను బేస్64 రూపంలోకి మారుస్తుంది. లాటిన్ లిపికి చెందిన 256 అక్షరాలు దాటి ఏది కనపడినా అది ఎర్రర్ విసురుతుంది. పేరు ఇంగ్లిష్‌లో కొట్టి పరీక్షించినంతకాలం అంతా భేష్. వినుకొండలోనే పుట్టిన కవి జాషువా పేరును తెలుగులో కొట్టిన మరుక్షణం ఫారం ఆగిపోతుంది. తెలుగు వెబ్ చరిత్రలో బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌కు పెద్ద పాత్ర ఉంది. నాగార్జున వెన్న "పద్మ", దాని ఆధారంగా వీవెన్ 2006లో తెచ్చిన "లేఖిని" ఈ భాషలోనే తెలుగును తెర మీదికి తెచ్చాయి. అలాంటిది దరఖాస్తు ఫారాలు ఇవాళ్టికీ తెలుగు పేరు దగ్గర తడబడటం పరీక్షలోని లోపమే, భాషకు ఆ శక్తి లేక కాదు.

అసలు తెలుగు పేజీ లేకపోతే జనం ఏం చేస్తారు? క్రోమ్‌లో అనువాదం బటన్ నొక్కుతారు. ఇక్కడ ఇంకో గుంట ఉంది. అనువదించేటప్పుడు క్రోమ్ పేజీలోని అక్షరాల ముక్కలను తీసి, వాటి స్థానంలో తన సొంత ట్యాగులు పెడుతుంది. రియాక్ట్ లాంటి లైబ్రరీతో కట్టిన పేజీ పాత ముక్కలే అక్కడున్నాయని నమ్ముకుని ఉంటుంది. తర్వాత దేన్నో తీసేయబోతే, తీయాల్సింది అక్కడ లేదని బ్రౌజర్ ఎర్రర్ ఇస్తుంది. రియాక్ట్ నిర్వాహకుల ముందు 2017 నుంచీ నలుగుతున్న ఫిర్యాదు ఇది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన రియాక్ట్ 16 నుంచి, గీసే సమయంలో వచ్చిన తప్పును ఎవరూ పట్టుకోకపోతే మొత్తం పేజీని ఎత్తేసే పద్ధతి మొదలైంది. తప్పుడు అంకె చూపడం కంటే ఏమీ చూపకపోవడం నయమని దాని కర్తల వాదన. డబ్బు లెక్కల్లో ఆ వాదన ఒప్పుకోదగ్గదే. ఫలితం మాత్రం ఇది: ఇంగ్లిష్‌లో చదివేవాడికి పేజీ నడుస్తుంది, తెలుగులోకి మార్చుకున్నవాడికి తెల్లకాగితం మిగులుతుంది.

దీనికి మందు "ఎర్రర్ బౌండరీ". పేజీని భాగాలుగా విడగొట్టి ఒక్కోదాని చుట్టూ కంచె వేస్తే, కూలిన భాగం స్థానంలో ఒక సందేశం కనపడుతుంది, మిగతాది నిలుస్తుంది. బటన్ నొక్కినప్పుడు వచ్చే తప్పులకు, ఆలస్యంగా వచ్చే జవాబుల్లోని తప్పులకు ఈ కంచె పనిచేయదు. అది తెలియక కంచె వేశాం కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునే బృందాలున్నాయి.

ఆలస్యపు తప్పులది పెద్ద అధ్యాయమే. ట్రై–క్యాచ్ లోపల టైమర్ పెట్టి, అది రెండు సెకన్ల తర్వాత పేలితే, క్యాచ్ దాన్ని పట్టుకోలేదు. దాని పని ఎప్పుడో అయిపోయింది. 2015లో భాషలోకి, తర్వాత వచ్చే జవాబుకు హామీగా నిలిచే ప్రామిస్‌లు వచ్చాక తప్పులు ఇంకో కాలువలో పారడం మొదలుపెట్టాయి: తిరస్కరించిన ప్రామిస్‌ను ఎవరూ అందుకోకపోతే విండో.ఆన్‌ఎర్రర్‌కు కబురు రాదు. అందుకు విడిగా "అన్‌హ్యాండిల్డ్ రిజెక్షన్" అనే ఘటన తెచ్చారు. క్రోమ్ 2016లో ఇచ్చింది, ఫైర్‌ఫాక్స్ 2019 దాకా ఇవ్వలేదు. పాత గుమ్మం దగ్గర మాత్రమే కాపలా పెట్టినవాళ్లు ఆ మధ్యకాలంలో సగం దొంగలను చూడనేలేదు.

సర్వర్ నిజంగా పడిపోయినప్పుడు జరిగేది ఇంకా తమాషా. సర్వర్‌లో లోపమని తెలిపే 500 జవాబును "ఫెచ్" అనే పద్ధతి తప్పుగా లెక్కించదు, జవాబు వచ్చింది కదా అంటుంది. డెవలపర్ ఆ సంఖ్య చూడకుండా జేసన్‌గా చదవబోతాడు. వచ్చింది "సర్వర్ బిజీ" అని రాసున్న హెచ్‌టీఎంఎల్ పేజీ. దాని మొదటి గుర్తు దగ్గరే "అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్" అని ప్రోగ్రాం కూలుతుంది. ఈ ఒక్కచోట "సర్వర్ డౌన్" అన్న మాట నిజం, డెవలపర్లు తప్పులు చూసుకునే కన్సోల్‌లో కనిపించే ఎర్రర్ మాత్రం అబద్ధపు సాక్షి.

పాత ఫోన్ల దగ్గరకు వస్తే ట్రై–క్యాచ్ పూర్తిగా చేతులెత్తేస్తుంది. 2017లో వచ్చిన జియోఫోన్‌లోని కైఓఎస్ 2.5కు ఆధారం 2016 నాటి ఫైర్‌ఫాక్స్ 48 ఇంజన్. ఆలస్యపు పనులు రాసే కొత్త పద్ధతి "అసింక్–అవెయిట్" ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది 52వ వెర్షన్‌లో. ఆ రాతను చూసిన జియోఫోన్ బ్రౌజర్‌కు అది తెలియని లిపి. ఒక లైన్ అర్థం కాకపోతే ఫైలు మొత్తాన్ని పక్కన పెట్టేస్తుంది. అదే ఫైలులో రాసిన క్యాచ్ అసలు నడిస్తే కదా పట్టుకోవడానికి! ఆండ్రాయిడ్ 5 ఫోన్లకు క్రోమ్ 95తో, ఆండ్రాయిడ్ 6కు 106తో కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. కొత్త రాతలు వచ్చేకొద్దీ అవీ ఇదే వరసలో చేరతాయి. కాపలా కోడ్‌ను పాతకాలపు సాదా రాతలో, విడి ఫైలుగా, అన్నిటికంటే ముందు దించడం ఒక్కటే దారి. నెట్ నెమ్మదిగా ఉన్నచోట మూడు ఫైళ్లలో ఒకటి రాకపోయినా ఇలాగే అవుతుంది: జేక్వెరీ అనే లైబ్రరీ దిగకపోతే, దాన్ని పిలిచే డాలర్ గుర్తు ఏమిటో తెలియదంటూ మిగతా రెండూ కూలతాయి. ఫైలు దిగని కబురు పైకి ప్రాకదు, దిగువకు వెళ్లేటప్పుడే దాన్ని పట్టుకోవాలి. చాలామంది మరిచేది ఈ చిన్న సంగతినే.

తయారుచేసినవాళ్లు వినాలనుకున్నా బ్రౌజర్ చెప్పని సందర్భం ఒకటుంది. వేరే చోటు నుంచి తెచ్చిన ఫైలులో తప్పు దొర్లితే ఆన్‌ఎర్రర్‌కు అందేది "స్క్రిప్ట్ ఎర్రర్" అన్న రెండు ముక్కలే. లైన్ లేదు, కారణం లేదు. ఇది బద్ధకం కాదు, భద్రత. దొంగ పేజీ ఒకటి బ్యాంకు పేజీని స్క్రిప్టుగా లాగి, వచ్చిన ఎర్రర్ మాటలను బట్టి చూసేవాడు బ్యాంకులో లాగిన్ అయి ఉన్నాడో లేదో పసిగట్టవచ్చు. అందుకే ఆ మౌనం. ఫైలు ఇచ్చే సర్వర్ అనుమతి తెలిపి, పేజీలో "క్రాస్‌ఆరిజిన్" అని రాస్తే అసలు వివరం వస్తుంది. సొంత ఫైళ్లను సీడీఎన్ అనే వేరే సర్వర్లలో పెట్టుకుని ఈ రెండు ఏర్పాట్లూ చేయని సంస్థలు తమ తప్పులను తామే చీకట్లో పెట్టుకుంటున్నాయి.

ఇన్నీ చెప్పాక, ఏ తప్పునూ నొక్కిపెట్టకూడదా అంటే, నొక్కిపెట్టాల్సినవి ఉన్నాయి. వాడేవాడు వెనక్కి వెళ్లిపోతే రద్దయిన అభ్యర్థన తప్పు కాదు. పెట్టెల కొలతలు గమనించే రీసైజ్ అబ్జర్వర్ చేసే ఫిర్యాదు చాలావరకు ఉత్తుత్తిది. వాడేవాడు తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్ల తప్పులు పేజీ యజమాని నెత్తికెత్తుకోనక్కర్లేదు. పాత సఫారీ ప్రైవేట్ కిటికీలో నిల్వ చేయబోతే ఎర్రర్ ఇచ్చేది, దాన్ని పట్టుకుని ఊరుకోవడమే సరైన పని. వీటికి పేరుపేరునా మినహాయింపు ఇవ్వాలి. అన్నిటినీ ఒకే దుప్పటి కింద కప్పడం వేరు.

మిగిలినవన్నీ తయారుచేసినవాళ్లకు చేరాలి. 2008లో డేవిడ్ క్రేమర్ జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ కోసం రాసిన చిన్న పనిముట్టుగా మొదలైన సెంట్రీ ఇవాళ ఈ పనికి అందరికీ తెలిసిన సాధనం. సొంతంగానూ చేసుకోవచ్చు: "సెండ్‌బీకన్" పేజీ మూసేస్తున్నా కబురు పంపగలదు. ఇక్కడ జాగ్రత్త ఒకటి అవసరం. ఎర్రర్‌తోపాటు పేజీ చిరునామా, ఫారంలో కొట్టిన వివరాలు, వాటిలో ఆధార్ నంబర్ కూడా వెళ్లిపోయే వీలుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక దీన్ని చిన్న విషయంగా కొట్టేయడానికి లేదు. పంపేముందే చెరిపేయాలి.

ఎంత జాగ్రత్తపడ్డా జావాస్క్రిప్ట్ చేతికి చిక్కని తప్పులుంటాయని తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం కనపడితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. జ, విరామం, ఞ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరస ఆపిల్ అక్షరాలు గీసే కోడ్‌ను తికమకపెట్టింది. మెసేజ్‌లు, వాట్సాప్, సఫారీ ఏదీ తట్టుకోలేదు. అది బ్రౌజర్ కింది పునాదిలో తప్పు. పేజీలో ఎన్ని క్యాచ్‌లు రాసినా ఉపయోగం లేదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేశాకే సద్దుమణిగింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది కనుక రోజుల్లో సరిదిద్దారు. వినుకొండ ఫారంలో తెలుగు పేరు దగ్గర ఆగిన బటన్ గురించి మాట్లాడేవాళ్లు లేరు, కబురు మోసేది ప్రోగ్రాం ఒక్కటే. దాని నోరు కట్టేస్తే ఆ తప్పు ఏళ్లతరబడి అక్కడే ఉంటుంది.

సైట్లు కట్టించే శాఖలు టెండరు పత్రంలో మూడు షరతులు చేర్చితే చాలావరకు బాగుపడుతుంది: బ్రౌజర్ తప్పుల నివేదిక నెలనెలా చూపాలి, తెలుగు పేర్లతోనూ కామాల అంకెలతోనూ పాత ఫోన్లలోనూ పరీక్షించాలి, పని ఆగినప్పుడు కొట్టిన వివరాలు పోకుండా తెలుగులో సందేశం రావాలి. "ఏదో పొరపాటు జరిగింది" అంటే చాలదు. మీ వివరాలు ఇంకా చేరలేదు, డబ్బు కట్ కాలేదు, మళ్లీ నొక్కవచ్చు అని తేల్చి చెప్పాలి.

చదివేవాళ్లకు కూడా ఒక పని ఉంది. ఈసారి నెట్ సెంటర్‌లో చక్రం ఆగకుండా తిరిగితే, ఎఫ్12 కీ నొక్కి కన్సోల్ అన్న ట్యాబ్ తెరవమని ఆపరేటర్‌ను అడగండి. ఎర్ర అక్షరాలు కనపడితే ఫొటో తీయండి, అందులో మీ ఆధార్, ఫోన్ నంబర్లు ఉంటే చెరిపేయండి, తేదీ, సమయం, బ్రౌజర్ పేరు రాసి ఫిర్యాదుకు జతచేయండి. "సైట్ పనిచేయడం లేదు" అన్న వంద ఫిర్యాదుల కంటే ఆ ఒక్క ఫొటో తొందరగా పని జరిపిస్తుంది.